ఆకుకు మైనం ఎవరు మోస్తారు?

(సైన్సు పాఠం – 9వ తరగతి)



ఈ నెల గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు మా తరగతికి వచ్చింది. నేను రాస్తానని చేయి ఎత్తాను. మన హాస్టల్ వెనకాల క్యాబేజీ మడి ఎండిపోయిన సంగతి మీ అందరికీ తెలుసు. అది ఎందుకు ఎండిపోయిందో ఈ పాఠంలో రాస్తున్నాను. నీళ్లు పోయకపోవడం వల్ల కాదు. అసలు కారణం తెలియాలంటే ముందు ఆకు గురించి, ఆకులోని కణం గురించి, కణంలో పని చేసే ప్రొటీన్ల గురించి తెలుసుకోవాలి. కొంచెం పెద్ద పాఠమే. భోజనం గంట కొట్టేలోపు సగం చదివి, మిగతాది స్టడీ అవర్ తరవాత చదవండి.

1. నీటిబొట్టు నిలవని ఆకు

తామరాకు మీద నీటిబొట్టు అని పెద్దవాళ్లు సామెతగా అంటారు. తామరాకు దాకా వెళ్లక్కర్లేదు. వానాకాలంలో గెడ్డ పక్కన చేమ ఆకును చూడండి. నీళ్లు పడితే ముత్యాల్లాగ దొర్లి కింద పడిపోతాయి, ఆకు తడవదు. క్యాబేజీ ఆకు కూడా అంతే. దాని మీద తెల్లగా, బూడిద రాసినట్టుగా ఒక పొడి ఉంటుంది. వేలితో రుద్దితే పొడి పోయి ఆకు నిగనిగలాడుతుంది. రుద్దిన చోట నీటిబొట్టు వేస్తే దొర్లదు, పరుచుకుపోతుంది. ఇది మీరే చేసి చూడవచ్చు.

బూడిద గుమ్మడికాయకు ఆ పేరు వచ్చింది కూడా దాని మీది తెల్లపొడి వల్లే. మా ఇంట్లో దూలానికి కట్టిన గుమ్మడికాయను నేను చిన్నప్పుడు గుడ్డతో తుడవబోతే మా అమ్మమ్మ కేక వేసేది. "ఓలే గుంటా, ఆ బూడిద తుడిసెయ్యకే. తుడిసేస్తే కాయ నిలవుండదు" అనేది. మా అమ్మమ్మ బడికి వెళ్లలేదు, వేలిముద్ర వేస్తుంది. కాని ఈ పాఠంలో నేను రాయబోయే సంగతిలో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ మాట అప్పుడే బుర్రకెక్కించుకుని ఉంటే మన మడి బతికేది.

2. అవభాసిని అనగా నేమి?

ఆకు పైపొరను బాహ్యచర్మం అంటారు. దాని మీద ఇంకొక పలచని పూత ఉంటుంది. దానినే అవభాసిని అంటారు. చాలా ఆకుల్లో దాని మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటుంది. కొన్నింటిలో అంతకన్నా తక్కువ, కొన్నింటిలో పది రెట్లు ఎక్కువ కూడా ఉంటుంది.

అవభాసినిలో ముఖ్యంగా రెండు పదార్థాలుంటాయి.

(అ) క్యూటిన్: కొవ్వు ఆమ్లాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఏర్పడిన వల.
(ఆ) మైనం: వల సందుల్లోనూ, వల పైనా నిండి ఉండే పదార్థం. క్యాబేజీ మీది తెల్లపొడి మైనమే. మైనం చిన్న చిన్న పలుకులుగా నిలబడి ఉండడం వల్ల వెలుగు చెదిరి తెల్లగా కనబడుతుంది.

మైనం, క్యూటిన్ రెండూ కొవ్వు జాతివి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ జాతిని లిపిడ్లు అంటారు. వలిసె నూనె, ఆముదం, తేనెపట్టు మైనం అన్నీ లిపిడ్లే. లిపిడ్లకు నీళ్లంటే పడదు. అందుకే ఆకు లోపలి నీరు చర్మం గుండా బయటికి పోకుండా అవభాసిని ఆపుతుంది. గాలి లోపలికి రావడానికి, ఆవిరి బయటికి పోవడానికి పత్రరంధ్రాలు ఉన్నాయి. అవి తలుపుల్లాంటివి. ఎండ ఎక్కువైతే మొక్క వాటిని మూసుకోగలదు. కాని గోడకే చిల్లు పడితే తలుపు వేసి ఏం లాభం? అవభాసిని పాడయితే మొక్క తన నీటిని ఆపుకోలేదు.

సుమారు 47 కోట్ల సంవత్సరాల క్రితం మొక్కలు నీటిలోంచి నేల మీదికి వచ్చాయని శాస్త్రవేత్తలు అంటారు. నీటిలో ఉన్నంతకాలం ఎండిపోతామనే భయం లేదు. గట్టు మీదికి వచ్చాక ఈ మైనపు పూతే వాటిని కాపాడింది.

3. అడ్డంగా నిలిచిన గోడ

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. మైనం ఆకు బయట ఉంటుంది, కాని తయారయ్యేది కణం లోపల. మరి బయటికి ఎలా వస్తుంది? మధ్యలో కణకవచం అనే గోడ ఉంది కదా! ఈ ప్రశ్న నేను మాస్టారిని అడిగితే, "ఇది డిగ్రీ పిల్లలు అడిగే ప్రశ్న" అన్నారు. ఆ తరువాత ట్రైనింగుకు వచ్చిన టీచర్ అక్క రెండు రోజులు సాయంత్రం పూట కూర్చోబెట్టి చెప్పారు. ఆవిడ చెప్పింది నోటు పుస్తకంలో రాసుకుని, అర్థం కానివి మళ్లీ అడిగి, ఇక్కడ రాస్తున్నాను.

జంతుకణానికి కణకవచం లేదు, మొక్క కణానికి ఉంది. ఈ భేదం మనం ఐదు మార్కుల ప్రశ్నకు బట్టీ పడతాము. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి గదులు గదులుగా ఉందన్నాడు. ఆయన చూసినవి బతికున్న కణాలు కావు. కణాలు చచ్చిపోయాక మిగిలిన కణకవచాలే అవి. బెండులోని ఆ గోడల్లో కూడా సుబెరిన్ అనే లిపిడ్ ఉంటుంది. అందుకే బెండు నీళ్లు పీల్చుకోదు.

కణకవచం మన ఊళ్లో తడిక గోడ లాంటిది. మన తడిక గోడకు వెదురు బద్దలు అల్లి, పైన మట్టి మెత్తుతాము. కణకవచంలో సెల్యులోజ్ పోగులు వెదురు బద్దల్లాంటివి. పెక్టిన్ మట్టి లాంటిది. రెండింటినీ పట్టి ఉంచే తాళ్లలాగ హెమీసెల్యులోజ్ ఉంటుంది. వీటితోపాటు కొన్ని ప్రొటీన్లు కూడా ఉంటాయి. లేత కణకవచాన్ని ఎండబెట్టి తూస్తే పదో వంతు దాకా ప్రొటీన్లు ఉండవచ్చు. ఈ గోడ ఎప్పుడూ తడిగా ఉంటుంది, సందుల నిండా నీరే.

మైనానికి నీరంటే పడదు. గోడ నిండా నీరు. ఇదీ చిక్కు.

4. ప్రొటీను అంటే గుడ్డు మాత్రమే కాదు

ప్రొటీన్లు (మాంసకృత్తులు) అనగానే మనకు పప్పు, గుడ్డు గుర్తొస్తాయి. అవి తినేటప్పటి సంగతి. కణం లోపల ప్రొటీన్లు పనివాళ్లు. ఒకటి మోస్తుంది, ఒకటి అల్లుతుంది, ఒకటి ముడి విప్పుతుంది, ఒకటి కాపలా కాస్తుంది. అమైనో ఆమ్లాలు పూసల్లాగ గొలుసు కట్టి, ఆ గొలుసు మడతపడి ఒక ఆకారానికి వస్తే ప్రొటీను అవుతుంది. ఏ ప్రొటీను పని దాని ఆకారాన్ని బట్టి ఉంటుంది. బుట్ట నీళ్లు పట్టదు, కుండ చేపలు పట్టదు. ఇదీ అలాగే.

5. మైనం ప్రయాణం

మొదటి మజిలీ: హరితరేణువు. ఇక్కడ 16 లేక 18 కార్బన్లు ఉన్న కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి.

రెండవ మజిలీ: అంతర్జీవ ద్రవ్యజాలం. ఇక్కడ ఆ గొలుసుకు రెండేసి కార్బన్లు చేర్చుకుంటూ పొడుగు చేస్తారు. ఈ పని చేసేవి కూడా ప్రొటీన్లే. 20 కార్బన్లు దాటిన పొడుగు గొలుసుల నుంచి మైనం వస్తుంది. క్యాబేజీ మైనంలో ఎక్కువగా ఉండేవి 29 కార్బన్ల గొలుసులు.

మూడవ మజిలీ: ప్లాస్మాపొర, అనగా కణం గడప. ఇక్కడ ఎ.బి.సి. రవాణా ప్రొటీన్లు అనేవి ఉన్నాయి. ఇవి ఎ.టి.పి. శక్తిని ఖర్చు పెట్టి మైనాన్ని బయటికి నెడతాయి.

ఈ విషయం ఎలా తెలిసింది? ఆవాల కుటుంబంలో అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్క ఉంది. మన క్యాబేజీకి చుట్టమే. శాస్త్రవేత్తలు దీనిని గాజు గదుల్లో పెంచుతారు. మామూలుగా దీని కాండం బూడిద పూసినట్టు ఉంటుంది. కొన్ని మొక్కలకు మాత్రం కాండం నిగనిగలాడుతూ పచ్చగా పుట్టింది. అంటే మైనం తక్కువన్నమాట. అలాంటి ఒక మొక్కను పరిశీలించి 2004లో కారణం కనిపెట్టారు. ఆ మొక్క మైనం తయారు చేస్తూనే ఉంది. కాని గడప దగ్గర నెట్టే ప్రొటీను చెడిపోయింది. మైనం బయటికి రాలేక కణాల లోపలే పేరుకుపోయింది.

ఇది నాకు చాలా నచ్చింది. పని చేయలేదని ఆ మొక్కను తిట్టలేము. పని చేసింది. అది బయటికి కనబడలేదు, అంతే.

నాలుగవ మజిలీ: తడి గోడ. గడప దాటాక మైనం కణకవచంలోకి వస్తుంది. ఇక్కడే బుర్ర కావాలి.

6. ఆనపకాయ బుర్ర లాంటి ప్రొటీను

మన పెద్దవాళ్లు కొండ పోడుకు వెళ్లేటప్పుడు అంబలి దేనిలో తీసుకెళతారు? ఎండిన ఆనపకాయ బుర్రలో. గెడ్డ దాటుతూ బుర్ర నీళ్లలో మునిగినా లోపలి అంబలి నీళ్లలో కలవదు. మొక్కల్లో సరిగ్గా ఇలాంటి ప్రొటీను ఉంది. దాని పేరు లిపిడ్ బదిలీ ప్రొటీను.

ఇది చాలా చిన్న ప్రొటీను. మొదటి రకంలో సుమారు 90 అమైనో ఆమ్లాలు, రెండవ రకంలో సుమారు 70 మాత్రమే ఉంటాయి. మధ్యలో బోలు. బోలు లోపలి గోడలు కొవ్వును ఇష్టపడతాయి, బయటి వైపు నీళ్లను ఇష్టపడుతుంది. కనుక ఇది కొవ్వు గొలుసును కడుపులో పెట్టుకుని నీళ్లలో తేలిగ్గా తిరగగలదు. బుర్ర విడిపోకుండా మనం తాడుతో ఉట్టి కట్టినట్టు, దీనిలో 8 సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు జతలు జతలుగా కలిసి 4 గంధకపు ముడులు వేసి ఉంటాయి. అందుకే వేడికి కూడా ఇది తొందరగా విడిపోదు. పీచ్ అనే పండులో ఉండే ఇలాంటి ప్రొటీను, ముఖ్యంగా దక్షిణ యూరప్ దేశాల్లో, కొంతమంది ఒంటికి పడదు. జీర్ణరసాలకు కూడా అది సులువుగా కరగకపోవడం దానికొక కారణం.

దీని కథ కూడా తెలుసుకోదగ్గది. 1975లో ఫ్రాన్స్ దేశంలో కాడెర్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం బంగాళాదుంప నుంచి ఇలాంటి ప్రొటీన్లు తీశారు. గాజుగొట్టంలో అవి ఒక పొర నుంచి ఇంకొక పొరకు లిపిడ్లను చేరవేశాయి. ఆముదం మొలకల్లోనూ ఇటువంటివి దొరికాయి. కాబట్టి కణం లోపల పొరల మధ్య కొవ్వును మోయడమే వీటి పని అనుకుని ఆ పేరు పెట్టారు. తరవాత చూస్తే ఆ ప్రొటీను పుట్టేటప్పుడు దాని తల దగ్గర ఒక చిన్న ముక్క ఉంటోంది. అది మన గేటు చీటీ లాంటిది. అది ఉన్న ప్రొటీనును కణం బయటికి పంపేస్తుంది. 1991లో క్యారెట్ కణాల మీద పనిచేసిన వాళ్లు, కణాలు బయటికి వదిలే ప్రొటీన్లలో ఇది ఉందని, మొక్కలో ఇది పైచర్మపు కణాల్లో తయారవుతోందని గమనించారు. పైచర్మం అంటే అవభాసిని తయారయ్యే చోటే కదా! అప్పుడు, ఇది క్యూటిన్, మైనం ముక్కలను గోడ దాటిస్తుందేమో అనే ఆలోచన బలపడింది.

2009లో అరబిడాప్సిస్‌లో ఇంకొక సంగతి తెలిసింది. లిపిడ్ బదిలీ ప్రొటీన్లలో ఒక రకం ప్లాస్మాపొర బయటి వైపు తాడు కట్టినట్టు అతుక్కుని ఉంటుంది. అది చెడిపోయిన మొక్కలో కాండం మీద మైనం తగ్గింది. అయితే బుర్రలు గోడ లోపల ఎలా తిరుగుతాయి, పైకి వెళ్లాక బరువు ఎలా దించుతాయి అనేది ఇంకా పరిశోధన చేస్తూనే ఉన్నారు. చెల్లెళ్లూ, సైన్సు అంతా కనిపెట్టేశారు, మనకేం మిగల్లేదు అనుకోకండి. మనకు కూడా మిగిలే ఉంది.

రాయి మీద పెరిగే పచ్చటి మాస్ దగ్గర్నుంచి మర్రిచెట్టు దాకా నేలమీది మొక్కలన్నిటిలోనూ లిపిడ్ బదిలీ ప్రొటీన్లు ఉన్నాయి.

7. గోడను అల్లేవి, సడలించేవి, బిగించేవి

బుర్ర ప్రొటీన్లు మోతగాళ్లు. గోడ దగ్గర ఇంకా మూడు రకాల పనివాళ్లు ఉన్నారు. క్లుప్తంగా రాస్తాను.

అల్లేవి: సెల్యులోజ్ సింథేజ్. ఇవి ప్లాస్మాపొరలో ఆరు రేకుల పువ్వులాగ గుంపు కట్టి ఉంటాయి. గ్లూకోజ్ ముక్కలను ఒకదాని వెంట ఒకటి అతికిస్తూ సెల్యులోజ్ పోగులను బయటికి వదులుతాయి.

సడలించేవి: ఎక్స్‌పాన్సిన్. చుట్టూ గట్టి గోడ ఉంటే కణం పెరిగేదెలా? 1992లో అమెరికాలో కీర దోస మొలకల నుంచి ఈ ప్రొటీన్లను తీశారు. చంపేసిన కణకవచపు ముక్కకు ఇవి కలిపి లాగితే అది మళ్లీ సాగింది. ఇవి సెల్యులోజ్‌ను కత్తిరించవు. తాళ్లను కోయకుండా ముడి కొంచెం వదులు చేస్తాయి, అంతే. గోడలో ఆమ్లత్వం పెరిగినప్పుడు బాగా పనిచేస్తాయి.

బిగించేవి: ఎక్స్‌టెన్సిన్. పేరు వింటే సాగదీసేవి అనిపిస్తుంది. కాని ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి గోడను గట్టిచేస్తాయి. మొక్కకు గాయమైనా, తెగులు సోకినా వీటి పని ఎక్కువవుతుంది.

మోతగాళ్లకు కూడా గోడ పనిలో చేయి ఉందని 2005లో పొగాకు మొక్క మీద చేసిన పరిశోధనలో బయటపడింది. పొగాకులోని ఒక లిపిడ్ బదిలీ ప్రొటీను కణకవచం సాగడానికి సాయపడింది. అంటే ఒకే ప్రొటీను కొవ్వు దగ్గర ఒక పని, గోడ దగ్గర ఇంకొక పని చేయగలదు. మన వంట అక్క వంటా చేస్తారు, జ్వరం వస్తే మన తలా పడతారు. అలాగే ఇదీ.

8. నేను చేసిన ప్రయోగం

ఉద్దేశ్యము: అవభాసిని పోతే ఆకు తొందరగా ఎండుతుందని చూపుట.

కావలసిన వస్తువులు: ఒకే క్యాబేజీ నుంచి తీసిన, ఇంచుమించు ఒకే సైజు పచ్చటి పై ఆకులు 4 (వంట అక్క ఇచ్చారు), బట్టల పొడి, కొవ్వొత్తి, నూనె, దారం.

చేయు విధానము: నాలుగు ఆకుల తొడిమల చివరలు కొవ్వొత్తి మైనంతో మూశాను. 1వ ఆకును ఏమీ చేయలేదు. 2వ ఆకును రుద్దకుండా మంచినీటిలో ముంచి తీశాను. 3వ ఆకును బట్టల పొడి కలిపిన నీళ్లతో రెండు వైపులా రుద్ది, మంచినీటితో కడిగాను. 4వ ఆకుకు రెండు వైపులా నూనె రాశాను. నాలుగింటినీ లాబు కిటికీ దగ్గర దారానికి కట్టాను.

పరిశీలన: మర్నాటికి 3వ ఆకు గుడ్డపీలికలాగ వేలాడింది. 1, 2 ఆకులు కొంచెం మెత్తబడ్డాయి, రెండింటికీ తేడా లేదు. 4వ ఆకు దాదాపు అలాగే ఉంది.

నిర్ధారణ: కోసిన ఆకు ఎండుతున్న కొద్దీ పత్రరంధ్రాలు మూసుకుంటాయి. ఆ తరవాత నీరు పోయేది ఎక్కువగా చర్మం గుండానే. 3వ ఆకుకు చర్మం మీద మైనం లేదు, కనుక ముందు ఎండింది. 2వ ఆకు వల్ల, ఒట్టి నీళ్లు తగిలితే ఏమీ కాదని తెలిసింది.

9. మన క్యాబేజీ మడి

ఇప్పుడు మడి సంగతి.

కార్తీకమాసంలో మనం 24 క్యాబేజీ మొక్కలు వేశాము. మూడు వరసలు, వరసకు ఎనిమిది. ఆకులకు పేనుబంక పట్టింది. సబ్బునీళ్లకు పేనుబంక పోతుందని నేను ఎక్కడో విన్నాను. ఎంత కలపాలో ఎవరినీ అడగలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే, బకెట్టులో నాలుగు గుప్పెళ్లు బట్టల పొడి కలిపి, పాత గుడ్డతో ఒక్కొక్క ఆకునూ బాగా రుద్దాను. పేనుబంక పోయింది. ఆకులు నిగనిగలాడాయి. నేను చాలా సంతోషించాను. లీడరుని కదా, అందరికీ చూపించి మెప్పు పొందాలనుకున్నాను. చివర్లో నీళ్లు అయిపోయాయి. గోడ పక్కన ఉన్న 2 మొక్కలను రుద్దలేదు.

నాలుగు రోజుల్లో ఆకుల అంచులు మాడి, మొక్కలు వాలిపోయాయి. ఆ వారం నీళ్లు పోసే వంతు ఆరో తరగతి చెల్లిది. ఆ చెల్లి నీళ్లు పోయలేదని అందరం అనుకున్నాము. అనుకున్నారు అని రాయబోయి, అనుకున్నాము అని రాశాను. నేను కూడా అనుకున్నాను. ప్రార్థనలో ఆ చెల్లిని నిలబెట్టారు, తోట గ్రూపులోంచి పేరు తీసేశారు. కొందరు "నీళ్ల దొంగ" అని పిలిచారు. ఆ చెల్లి ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు. హాస్టలుకు వచ్చింది ఈ సంవత్సరమే. తాను పోశానని చెప్పడానికి ఆమెకు మాట సరిగ్గా రాలేదు. రెండు పూటలు అన్నం తినలేదు. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు నాకు కూడా క్లాసులో మాట వచ్చేది కాదు. పుస్తకం తెలుగు నాకు అర్థమయ్యేది కాదు. అది మరచిపోయి నేను ఊరుకున్నాను.

తరవాత అవభాసిని పాఠం చెప్పిన రోజు నాకు గుండె దడ పుట్టింది. సాయంత్రం మడి దగ్గరికి వెళ్లి చూశాను. రుద్దిన 22 మొక్కలు వాడిపోయి ఉన్నాయి. రుద్దని 2 మొక్కలు తెల్లపొడితో బాగా ఉన్నాయి. ఆ రెండూ కూడా అదే మడిలో, అదే నీళ్లు తాగినవి. నీళ్లు పోయకపోతే అవి కూడా ఎండాలి కదా! మట్టి తవ్వి చూస్తే తడిగానే ఉంది. అంటే చెల్లి రోజూ నీళ్లు పోసింది. మొక్క వేళ్లు నీళ్లు తాగాయి. కాని నేను ఆకుల మీది మైనం తీసేశాను కనుక తాగిన నీళ్లు నిలవలేదు. బట్టల పొడిలో ఉండే సోడా కూడా ఆకులను మాడ్చింది. అనుమానం పూర్తిగా తీరాలనే పైన రాసిన ప్రయోగం చేశాను.

మొక్కలను చంపింది నేను. ఆ చెల్లి కాదు.

ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే భయం. లీడరు పని పోతుందని, మా నాన్నను పిలిపిస్తారని భయం. మా నాన్న ఒక రోజు కూలి వదులుకుని, కొండ దిగి రావాలి. కాని ఆరో తరగతి పిల్ల చేయని తప్పుకు సెలవులకి ఇంటికి వెళ్లి మళ్లీ రాకపోతే, ఆ తప్పు నాదే అవుతుంది. మా ఊళ్లో అలా వెళ్లి తిరిగి రాని పిల్లలు ఉన్నారు. మొన్న రాత్రి ఆ చెల్లి పక్కన కూర్చుని సగం మాటలతో, సగం సైగలతో చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. నా చేయి పట్టుకుని మడి దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. రుద్దిన మొక్కల్లో మూడింటికి మధ్యలో లేత ఆకులు వస్తున్నాయి. వాటి మీద తెల్లటి పొడి ఉంది. ఆ చెల్లిని గ్రూపులోంచి తీసేసినా, ఎవరికీ చెప్పకుండా ఆ మూడింటికీ నీళ్లు పోస్తూనే ఉందట.

ముదిరిన ఆకు పోయిన మైనాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం. పెరిగే లేత ఆకు మాత్రం కొత్త మైనం తెచ్చుకుంటుంది. లోపల ఆ చిన్న బుర్రలు మళ్లీ మోయడం మొదలుపెట్టాయన్నమాట.

వార్డెన్ మేడమ్ గారికి నా మనవి: దయచేసి ఆ చెల్లి పేరు తోట గ్రూపులో తిరిగి రాయండి. ప్రార్థనలో నిలబెట్టినట్టే, ప్రార్థనలోనే ఆమె తప్పు లేదని చెప్పండి. నాకు ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను. నా వంతు బట్టల పొడి రెండు నెలలు ఇవ్వకపోయినా సరే. సంతలో 19 నారు మొక్కలు కొనడానికి నా దగ్గర దాచుకున్న డబ్బులు ఉన్నాయి.

ఈ పాఠం గోడకు పెట్టేముందు మాస్టారు దిద్దారు. అక్షర దోషాలు ఎర్ర పెన్నుతో సరిచేశారు. తొమ్మిదవ భాగంలో ఒక్క ముక్క కూడా కొట్టేయలేదు.

గుర్తుంచుకోండి

• పేనుబంక పడితే ముందు ఒట్టి నీళ్లు చల్లి కడగండి. బట్టల పొడి వాడకండి. ఏ మందయినా ఎంత కలపాలో అడిగి కలపండి. ముందు ఒక్క ఆకు మీద వేసి రెండు రోజులు చూడండి. మిట్టమధ్యాహ్నం వేయకండి.
• మొక్క వాడితే నీళ్లు లేవని వెంటనే అనకండి. మట్టి తాకి చూడండి.

ప్రశ్నలు (జవాబులు రాసి వచ్చే శనివారంలోగా గోడపత్రిక పెట్టెలో వేయండి)

1. మైనం తయారైనా ఆకు మీదికి రాకపోవడానికి ఒక కారణం రాయండి.
2. లిపిడ్ బదిలీ ప్రొటీనుకు, ఆనపకాయ బుర్రకు మధ్య పోలికలు రెండు రాయండి.
3. ఎక్స్‌పాన్సిన్, ఎక్స్‌టెన్సిన్‌ల మధ్య భేదమేమి?
4. ప్రయోగంలో 2వ ఆకు ఎందుకు పెట్టాను? అది లేకపోతే ఎవరైనా ఏమని వాదించవచ్చు?
5. మీ ఇంటి దగ్గర తెల్లపొడి ఉన్న ఆకులు, కాయలు ఏమున్నాయి? మీ ఇంటి భాషలో వాటి పేర్లు కూడా రాయండి. ఈ ప్రశ్నకు జవాబులు దిద్దేది నేను కాదు, ఆరో తరగతి చెల్లి. ఒప్పుకుంది.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి, తోట గ్రూపు